తిరగేసి పెట్టిన ఇంజను

నేను మసాచుసెట్స్‌కు వచ్చిన కొత్తలో, అంటే 1998లో, కారు కొనాలనుకున్న ప్రతి తెలుగు కుర్రాడికీ ముందు వచ్చినవాళ్ళు ఒకే సలహా ఇచ్చేవారు: కామ్రీ గానీ అకార్డ్ గానీ తీసుకో, నమ్మకమైన బండి, తిరిగి అమ్మేటప్పుడు ధర పలుకుతుంది. నేనూ బుద్ధిగా ఆ మాట విని నాలుగేళ్ళపాటు ఒక కామ్రీ నడిపాను. దాని గురించి ఇవాళ నాకు గుర్తున్నది రంగు ఒక్కటే. 2002 వేసవిలో, అప్పటికి పదిహేనేళ్ళ వయసుండి లక్షా నలభై వేల మైళ్ళు తిరిగిన 1987 మోడలు సాబ్ 900 టర్బోను రెండువేల మూడువందల డాలర్లకు కొన్నప్పుడు మాత్రం ఎవరినీ సలహా అడగలేదు, అడిగితే ఏమంటారో ముందే తెలుసు గనుక.

సాబ్ మొదట కార్ల కంపెనీ కాదు. 1937లో స్వీడన్ వాయుసేనకు విమానాలు కట్టడానికి పుట్టిన సంస్థ అది. యుద్ధం ముగిశాక కార్ల వైపు తిరిగింది. అందుకేనేమో, ఆ కారులో కూర్చుంటే ముందు అద్దం ఒక మోస్తరు గుండ్రంగా చుట్టుకొని, నిటారుగా నిలబడి, కాక్‌పిట్ గుర్తుకు తెచ్చేది. తాళం చెవి పెట్టే రంధ్రం స్టీరింగు పక్కన కాకుండా రెండు సీట్ల మధ్య, గేరు రాడ్డు వెనక ఉండేది. బండిని రివర్సు గేరులో వేస్తే తప్ప ఆ తాళం చెవి బయటికి వచ్చేది కాదు. బానెట్టు మామూలుగా వెనక్కి లేవకుండా, ముందు కాస్త ముందుకు జరిగి, ఆ తర్వాత ముక్కు వైపు ఒరుగుతూ ముసలి మొసలి నోరు తెరిచినట్టు తెరుచుకునేది. ఆ నోట్లోకి తొంగిచూసిన మొదటి రోజే నేను విజయవాడకు ఫోన్ చేశాను.

మా నాన్నకు ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళపాటు షెడ్డు ఉండేది. 1960ల్లో విజయవాడ అంచున మొదలైన ఆ ఆటోనగర్‌లో బాడీ కట్టేవాళ్ళు వేరు, స్ప్రింగు పట్టీలవాళ్ళు వేరు, రేడియేటర్లవాళ్ళు వేరు. మా నాన్న పని లారీల క్లచ్చులూ గేరుబాక్సులూ. ఆయన చేతుల మీదుగా దిగని గేరుబాక్సు కోస్తా జిల్లాల్లో తిరిగే లేలాండ్ బళ్ళలో తక్కువే ఉంటుందని మేస్త్రులు అనేవారు, కాస్త అతిశయోక్తి కలిపే.

"ఇంజను తిరగేసి పెట్టారు నాన్నా. క్లచ్చు ముందు, రేడియేటరు పక్కన ఉంది. గేరుబాక్సు ఇంజను కింద ఉంది" అని చెప్పాను.

అటునుంచి కాసేపు మాట లేదు. "మరి క్లచ్చు నుంచి గేరుబాక్సుకు నడక ఎట్లా దిగుతుందిరా?" అన్నారు.

"గొలుసుల మీద."

"సైకిలు మాదిరిగానా?"

"అంతకంటే లావువి."

"నీకెవరో బాగా అంటగట్టార్రా అబ్బాయ్" అని ఫోను అమ్మకు ఇచ్చేశారు.

ఆ మరుసటి ఏడాది వసంతంలో, మియాటా అనే చిన్న స్పోర్ట్స్ కారు నడిపే సహోద్యోగి ఒకాయన, ఆటోక్రాస్ అనే కార్ల పోటీ చూపిస్తానని, నన్ను ఒక ఆదివారం ఉదయం డెవెన్స్‌కు తీసుకువెళ్ళాడు. బోస్టన్‌కు వాయవ్య దిశగా గంట లోపు ప్రయాణం. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1917లో, సైనిక శిబిరంగా మొదలై, 1996లో మూతపడిన స్థావరం అది. దాని పాత విమానాల రన్‌వే మీద పొద్దున్నే మంచు కురిసిన గడ్డి మధ్య వందదాకా కార్లు వరసలు తీరి ఉన్నాయి. ప్రతి కారు చుట్టూ ఒక మనిషి కూర్చొని, వంగొని, పడుకొని ఏదో ఒకటి చేస్తున్నాడు. పెళ్ళివారి విడిదిలాంటి ఆ హడావుడి చూడగానే నాకు ఆటోనగర్ గుర్తుకు వచ్చింది, గ్రీజు వాసన తప్ప మిగతాదంతా ఉంది.

ఆటోక్రాస్ సంగతి తెలియనివారికి ఒక్క మాట చెప్పాలి. ఇక్కడ కార్లు ఒకదానితో ఒకటి పోటీపడి పక్కపక్కన పరుగెత్తవు. ఖాళీ రన్‌వే మీదో, స్టేడియం పార్కింగు స్థలంలోనో నారింజరంగు కోన్లు వందలకొద్దీ పేర్చి ఒక మెలికల దారి కడతారు. దాని మీద ఒక్కో కారు ఒంటరిగా, గడియారంతో పోటీపడుతుంది. ఒక్కో పరుగు నిమిషానికి అటూ ఇటూగా ఉంటుంది, కాలాన్ని సెకనులో వెయ్యో వంతు వరకు కొలుస్తారు. కోను పడిపోయినా, దాని చుట్టూ గీసిన గీత దాటి పూర్తిగా బయటికి జరిగినా రెండు సెకన్లు జరిమానా. దారి తప్పితే ఆ పరుగు లెక్కలోకి రాదు. వేగం అరవై మైళ్ళు దాటడం అరుదు గనుక ప్రాణభయం అంతగా ఉండదు, పరువు భయం మాత్రం దండిగా ఉంటుంది. 1944లో ఏర్పడిన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా ఈ పోటీలకు సోలో అని పేరు పెట్టి, దేశమంతా ఒకే నియమావళి మీద నడుపుతోంది. మీ సొంత కారు, అరువు హెల్మెట్టు, కొద్దిపాటి రుసుము ఉంటే చాలు. సగం రోజు పరుగెత్తాలి, మిగతా సగం రోజు ఎండలో నిలబడి ఇతరులు పడగొట్టిన కోన్లు ఎత్తాలి. ఆ రెండో సగం చేయనివాడికి మొదటి సగం ఉండదు.

ఆ ఆదివారం నేను చూడటానికే వెళ్ళాను, తర్వాతి పోటీకి సాబ్‌తో వెళ్ళాను. తనిఖీ చేసే పెద్దమనిషి బ్యాటరీ కదులుతుందేమో ఊపి చూసి, చక్రాల నట్లు తట్టి, బ్రేకు పెడలు తొక్కమని, కారులో దొర్లే వస్తువులన్నీ బయట పెట్టమన్నాడు. అద్దం మీద నా నంబరును తెల్ల షూ పాలిష్‌తో రాయమన్నాడు. ఆ సీసా, దాని చివరన తడితడిగా ఉండే స్పాంజి, ఆ వాసన... బడిలో శనివారంనాడు వేసుకునే తెల్ల కాన్వాసు బూట్లకు పూసిన పాలిష్ అదే. నా సాబ్ పక్క అద్దం మీద 87 అని రాస్తూ ఉంటే జ్ఞాపకాల మడతల కింద ఎక్కడో బడి గంట వినిపించింది. ఆ తర్వాత అదే పాలిష్‌ను టైర్ల అంచుల మీద కూడా పూయడం నేర్చుకున్నాను. మలుపుల్లో టైరు ఎంత మేర ఒరిగి నేలకు రాసుకుందో చెరిగిన తెలుపును బట్టి తెలుస్తుంది, దాన్నిబట్టి గాలి పెంచడమో తగ్గించడమో చేయాలి. సాబ్ మలుపులో ఎంతగా ఒరిగేదంటే, మొదటి పరుగు తర్వాత ముందు టైర్లు రెండింటి మీదా పాలిష్ సాంతం పోయింది.

వందకు పైగా కార్లలో సాబ్ నాదొక్కటే. మిగతావి మియాటాలు, సివిక్‌లు, కొత్తగా వచ్చిన సుబారు డబ్ల్యూఆర్ఎక్స్‌లు, మినీ కూపర్లు, తెల్ల జుట్టు పెద్దమనుషుల కార్వెట్లు. నా కారు ఇంజను 1985 సీసీ, పదహారు వాల్వులు, టర్బోతో 160 గుర్రాల శక్తి. కాగితం మీద చూస్తే ఆ కాలానికి బాగానే ఉంది. బరువు మాత్రం మియాటాకంటే ఇంచుమించు మూడువందల కిలోలు ఎక్కువ. పైగా ఆ శక్తి మనం అడిగినప్పుడు రాదు. టర్బో అనేది పొగ గొట్టంలోకి పోయే వేడి గాలితో తిరిగే చిన్న చక్రం, దానికి ఇరుసు మీద అటువైపు ఇంకో చక్రం కలిసి తిరుగుతూ ఇంజనులోకి గాలిని బలవంతంగా నెడుతుంది. అది నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరగగలదు, కానీ ఆ వేగం అందుకోవాలంటే ముందు ఇంజను తగినంత పొగ వదలాలి, ఇంజను అంత పొగ వదలాలంటే మనం ముందే యాక్సిలరేటరు తొక్కి ఉండాలి. వీధి గుమ్మంలో నిలబడి పిలిస్తే పెరట్లో నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చే మనిషి లాంటిదది. వచ్చాక పని బ్రహ్మాండంగా చేస్తుంది, వచ్చేసరికి చుట్టం వెళ్ళిపోయి ఉంటాడు.

హైవే మీద ఆ ఆలస్యం ముచ్చటగా ఉంటుంది. కోన్ల మధ్య మాత్రం మలుపు తిరగడం పూర్తయ్యాక తొక్కితే, బలం వచ్చేసరికి తర్వాతి మలుపు మొదలయ్యేది. అప్పుడు అక్కర్లేని బలం ముందు చక్రాల మీద పడి, లోపలి చక్రం వృథాగా తిరిగి, కారు తిన్నగా కోన్ల వరస మీదికి సాగేది. డాష్‌బోర్డు మీద టర్బో ముల్లు ఉండే గడియారంలో అంకెలు ఉండవు, తెలుపు, పసుపు, ఎరుపు పట్టీలు మాత్రమే ఉంటాయి: తెలుపులో ఉంటే టర్బో బలం లేనట్టు, పసుపులో ఉంటే ఉన్నట్టు, ఎరుపులో ఉంటే మితిమీరినట్టు. నా మొదటి ఏడాది పరుగులన్నింటిలోనూ ఆ ముల్లు పసుపులో ఉండాల్సిన చోట తెలుపులోనూ, తెలుపులో ఉండాల్సిన చోట ఎరుపు అంచునా ఉండేది.

ఆ ఏడాది నేను చేసిన బుద్ధితక్కువ పని ఒకటి ఇక్కడ ఒప్పుకోవాలి. దారి చివర ఒక్క కోను చుట్టూ పూర్తిగా వెనక్కి తిరగాల్సిన మలుపు వచ్చింది. చిన్న కార్లవాళ్ళు హ్యాండ్‌బ్రేకు లాగి వెనక చక్రాలను జార్చి తిరుగుతుండగా చూశాను. నేనూ అలాగే వేగంగా వెళ్ళి, స్టీరింగు తిప్పి, హ్యాండ్‌బ్రేకు బలంగా లాగాను. 1987 వరకు వచ్చిన సాబ్ 900 కార్లలో హ్యాండ్‌బ్రేకు వెనక చక్రాలకు కాదు, ముందు చక్రాలకు పడుతుంది. నా కారుది ఆ ఆఖరి సంవత్సరమే. తిప్పిన చక్రాలు తిప్పినట్టే బిగుసుకుపోయి, కారు గుడికి వెళ్ళే భక్తుడిలా నేరుగా ముందుకు వెళ్ళి మూడు కోన్లను కిందికి లాగేసుకుంది. ఆరు సెకన్లు. అక్కడ కోన్లు ఎత్తే డ్యూటీలో ఉన్న అమ్మాయి రేడియోలో నా నంబరు చెప్పి "మూడు" అన్న తర్వాత ఒక క్షణం ఆగి, "నాలుగోది కారు కిందే ఉంది" అని కలిపింది. ఎనిమిది సెకన్లు.

నాకు దారి చూపినవాడు ఒక ముసలాయన. ఆయన ఒకప్పుడు టూ స్ట్రోకు సాబ్‌లు నడిపినవాడు, ఇప్పుడు పోటీల్లో లేడు, సమయాలు రాసే బండిలో కూర్చొని కాఫీ తాగేవాడు. హ్యాండ్‌బ్రేకు సంగతి చూసి నవ్వి, హెల్మెట్టు పెట్టుకొని వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నాడు. పరుగు మధ్యలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ముగిశాక, నా కుడికాలు ఖాళీ లేకుండా పనిచేస్తోందనీ, ఎడమకాలు జీతం తీసుకుంటూ ఊరికే కూర్చుందనీ అన్నాడు. రెండో గేరులో పడ్డాక క్లచ్చుతో పని లేదు గనుక, ఎడమకాలును బ్రేకు మీద పెట్టి, కుడికాలును యాక్సిలరేటరు మీది నుంచి పూర్తిగా తీయకుండా నడపమన్నాడు. కారు నెమ్మదిస్తున్నా ఇంజను పొగ వదులుతూనే ఉంటుంది, టర్బో తిరుగుతూనే ఉంటుంది. ముందు చక్రాలను ఇంజను లాగుతుండగా బ్రేకు పడితే దాని ప్రభావం వెనక చక్రాల మీద ఎక్కువగా కనిపించి, కారు తోక కాస్త బయటికి తిరుగుతుంది, ముక్కు మలుపులోకి దిగుతుంది. హ్యాండ్‌బ్రేకుతో నేను చేయబోయిన పని అసలు చేయాల్సిన పద్ధతి అదన్నమాట.

ఇది ఆయన సొంత కనిపెట్టు కాదు, సాబ్‌వాళ్ళ ఇంటి విద్య. బ్రిటన్‌లో ఆర్ఏసీ ర్యాలీని 1960, 61, 62లలో వరసగా మూడుసార్లు, మోంటీ కార్లో ర్యాలీని 1962, 63లలో రెండుసార్లు గెలిచిన ఎరిక్ కార్ల్‌సన్ చేతిలో ఉన్నది లీటరు కూడా లేని చిన్న ఇంజను. అటువంటి బండిలో ఒకసారి వేగం పోగొట్టుకుంటే తిరిగి సంపాదించడం కష్టం గనుక, యాక్సిలరేటరు వదలకుండా ఎడమకాలితో బ్రేకు వేయడం ఆ స్వీడన్ డ్రైవర్లకు అలవాటైంది. టర్బో వచ్చాక అదే విద్య ఇంకో రకంగా అక్కరకు వచ్చింది. 1979 స్వీడిష్ ర్యాలీని స్టిగ్ బ్లూమ్‌క్విస్ట్ సాబ్ 99 టర్బోతో గెలిచాడు, ప్రపంచ ర్యాలీ పోటీల్లో టర్బో కారు సాధించిన మొదటి గెలుపు అది. మా ముసలాయన ఈ పేర్లన్నీ మేనమామల పేర్లలా చెప్పేవాడు.

చెప్పినంత సులువు కాదది. ఎడమకాలికి ఇరవై ఏళ్ళుగా తెలిసింది క్లచ్చు ఒక్కటే, అంటే చివరిదాకా తొక్కడం. అదే కాలును బ్రేకు మీద పెడితే అలవాటు చొప్పున చివరిదాకా తొక్కుతుంది. ఆఫీసు పార్కింగులో ఆదివారాలు సాధన చేసినప్పుడు నా ముక్కు స్టీరింగుకు తగలబోయిన సందర్భాలు లెక్కపెట్టలేదు. సీటు కింద చెప్పులు విప్పి పెట్టి, వట్టికాళ్ళతో నేర్చుకున్నాను. మెత్తగా నొక్కడం కాలి వేళ్ళకు తెలియాలంటే అదొక్కటే దారి అనిపించింది. రెండు నెలల తర్వాత ఒక పోటీలో, వరస కోన్ల మధ్య అటూ ఇటూ తిరిగే భాగంలో, ఎడమకాలు మూడుసార్లు తట్టి వదిలితే ముల్లు మొదటి నుంచి చివరి వరకు పసుపులోనే నిలబడింది. చివరి కోను దాటి స్టీరింగు సరిచేసేసరికి బలం పెరట్లో లేదు, గుమ్మంలోనే ఉంది. వెన్ను సీటుకు అతుక్కుంది. అంతకుముందు పరుగుకంటే ఒకటిన్నర సెకన్లు తగ్గింది. ఆటోక్రాస్‌లో ఒకటిన్నర సెకను అంటే ఒక యుగం.

మరుసటి సంవత్సరం కొంత జ్ఞానం వచ్చింది. సాబ్‌లో ఏపీసీ అనే ఏర్పాటు ఉండేది. ఇంజను దిమ్మకు బిగించిన ఒక సెన్సరు, పెట్రోలు సమయానికి ముందే పేలి ఇంజను కొట్టుకోవడం మొదలైన క్షణంలో, టర్బో ఒత్తిడిని తగ్గించమని ఒక చిన్న వాల్వుకు చెబుతుంది. అందువల్ల మంచి పెట్రోలు పోస్తే బలం ఎక్కువగానూ, నాసి పెట్రోలు పోస్తే తక్కువగానూ వచ్చేది, ఇంజను మాత్రం పాడయ్యేది కాదు. నేను పోటీకి ముందు 93 ఆక్టేన్ మేలురకం పెట్రోలు తప్ప పోయించేవాడిని కాదు. వేసవిలో వరసగా పరుగులు తీస్తే, టర్బో నెట్టే గాలిని చల్లార్చే ఇంటర్‌కూలరు వేడెక్కి బలం తగ్గేది, అందుకని పరుగు పరుగుకూ మధ్య ఆ మొసలి నోరు తెరిచి పెట్టేవాడిని. అంత పెద్ద బానెట్టు తెరిచి పెడితే జనం గుమిగూడడం సహజం, గుమిగూడినవాళ్ళు బెల్టులు వెనక వైపు ఎందుకున్నాయని అడగడమూ సహజం. ఒకసారి అలాగే నలుగురికి వివరిస్తూ ఇంటర్‌కూలరు గొట్టం తీసి చూపించి, తిరిగి పెట్టినప్పుడు క్లిప్పు బిగించడం మరిచిపోయాను. పచ్చజెండా ఊపగానే కారు బయలుదేరింది, ముల్లు పసుపు దాటబోయింది, ఠప్పుమని శబ్దం వచ్చింది, ఆ తర్వాత మిగిలిన దారంతా ఎద్దుబండి. తప్పు నూటికి నూరు పాళ్ళూ నాదే గనుక ఎవరిమీదా విసుక్కునే వీలు కూడా లేకపోయింది.

నేను ఏ పోటీలోనూ మొదటి స్థానం తెచ్చుకోలేదు. ఒకసారి మా తరగతి కార్లలో మూడోవాడినయ్యాను, ఆ రోజు వచ్చింది అయిదుగురే. నా వాటా కోన్లు ఎత్తడం మాత్రం ఇష్టంగా చేసేవాడిని. ఎర్రజెండా చంకలో పెట్టుకొని నిలబడితే కారు పక్కనుంచి పోతూ కోనును తాకుతుంది. అది ఊగి, తిరిగి, కూర్చుంటుంది. పరుగెత్తుకుంటూ వెళ్ళి కింద గీసిన చతురస్రం మీద దాని అంచు పిసరంత ఉందో లేదో వంగి చూడాలి. ఉంటే జరిమానా లేదు. నడిపినవాడు ఖరీదైన కార్వెట్టువాడైనా, పాత సివిక్ కుర్రాడైనా, ఆ పిసరు మీద తీర్పు నాదే. చిన్నప్పుడు గోళీలాటలో జానా బెత్తెడు కొలిచి తగవు తీర్చినంత తృప్తిగా ఉండేది.

కారును 2007లో అమ్మేశాను. పిల్ల పుట్టింది, వెనక సీట్లో పిల్లల కుర్చీ బిగించడానికి ఆ కారు సుముఖంగా లేదు. కొన్నవాడు వెర్మాంట్ కుర్రాడు, మంచులో నడుపుకుంటానన్నాడు. సాబ్ కార్ల కంపెనీ 2011 డిసెంబరులో దివాలా తీసినట్టు వార్త వచ్చినప్పుడు మా నాన్న విజయవాడ నుంచి తానే ఫోన్ చేసి చెప్పారు. సాధారణంగా ఆయన ఫోన్ చేసేది పండుగలకే. దీనికి కారణం 2005 వేసవి.

ఆ వేసవిలో అమ్మానాన్నలు మొదటిసారి అమెరికా వచ్చారు. నయాగరా చూపించాను, వైట్‌హౌస్ చూపించాను, నాన్న అన్నింటికీ తలూపారు. డెవెన్స్‌కు తీసుకువెళ్ళిన రోజున మాత్రం కారు దిగి, నడుం మీద చేతులు పెట్టుకొని, రన్‌వే ఈ చివర నుంచి ఆ చివర వరకు చూసి, "ఇది షోళవరంలాగే ఉందిరా" అన్నారు. మద్రాసుకు ఉత్తరాన, మన వైపు నుంచి వెళ్ళే ట్రంకు రోడ్డు పక్కనే ఉన్న షోళవరంలో, రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే మీద ఒకప్పుడు కార్ల, మోటారుసైకిళ్ళ పందేలు జరిగేవి. కుర్రతనంలో ఒక లారీ గేరుబాక్సు అప్పగించడానికి మద్రాసు వెళుతూ, రోడ్డు మీద జనం చూసి ఆగి, ఒక పూటంతా ఆ పందేలు చూసినట్టు ఆయన ఆ రోజే మొదటిసారి చెప్పారు. అప్పగించాల్సిన గేరుబాక్సు మర్నాడు అప్పగించారట. ముప్ఫై ఏళ్ళుగా ఈ మాట మా అమ్మకు కూడా తెలియదని ఆవిడ ముఖం చూస్తే అర్థమైంది.

నాన్న కాగితం మీద సంతకం చేసి, హెల్మెట్టు పెట్టుకొని నా పక్కన కూర్చున్నారు. హెల్మెట్టులో ఆయన మీసం నొక్కుకుపోయి ఎవరో కొత్త మనిషిలా ఉన్నారు. పరుగు బాగానే సాగింది. పొడవాటి మలుపు దాటి బయటికి వచ్చేటప్పుడు, టర్బో అందుకున్న చోట, ఇంజను వేగం ఒక్కసారిగా పైకి లేచింది, కారు మాత్రం అంతగా కదల్లేదు. రెండు నెలలుగా అలాగే ఉంది. లోపలి చక్రం జారుతోందని నేను సరిపెట్టుకున్నాను, టైర్లు మార్చాలని డబ్బు కూడా దాచాను. గీత దాటి ఆగాక నాన్న హెల్మెట్టు తీసి, ముక్కు ఎగబీల్చి, "క్లచ్చు పోయింది" అన్నారు.

"టైరు జారుతోంది నాన్నా."

"టైరు జారితే మోత వస్తుంది. మోత రాలేదు, మోటారు ఒక్కటే లేచింది. వాసన తెలియట్లా?"

తెలియలేదు, కానీ ఆయన చెప్పాక తెలిసింది. ఆ తర్వాత ఆయన చెప్పిన రెండో మాట, ఇంజను వెంటనే ఆపొద్దని. టర్బో బేరింగుల్లో నూనె మాడిపోకుండా కాసేపు స్లోలో వదిలి అప్పుడు ఆపాలని నాకు పుస్తకాల ద్వారా తెలుసు. ఆయనకు టర్బో లారీల ద్వారా తెలుసు.

క్లచ్చు సామాను తెప్పించాను. ఇంకో శనివారం, మా అద్దె ఇంటి ముందు, పొద్దున్న ఇడ్లీలు తిని పని మొదలుపెట్టాం. నాన్న లుంగీ పైకి మడిచి కట్టుకొని, బానెట్టు తెరిచి, చాలాసేపు ఏమీ ముట్టుకోకుండా చూశారు. లారీ క్లచ్చు మార్చాలంటే గేరుబాక్సు దించాలి, దానికి నలుగురు మనుషులు కావాలి. ఇక్కడ క్లచ్చు పళ్ళెంలో పెట్టినట్టు ఎదురుగా ఉంది. మూత విప్పితే చాలు, ఇంజను దించక్కర్లేదు, గేరుబాక్సు దించక్కర్లేదు. "ఇది మెకానిక్ కట్టిన బండిరా, ఇంజనీరు కట్టింది కాదు" అన్నారు. నేను ఇంజనీరునని ఆ క్షణంలో ఆయనకు గుర్తుందో లేదో తెలియదు.

ఒక్కటే చిక్కు. క్లచ్ ప్లేటును అదిమిపట్టే ప్రెషర్ ప్లేటును నొక్కిపెట్టిన స్థితిలోనే బయటికి తీయాలి, అందుకు దాని స్ప్రింగు వేళ్ళకూ కవరుకూ నడుమ ఒక వలయం ఇరికించాలి. కంపెనీ పనిముట్టు మా దగ్గర లేదు. నాన్న కరెంటు పనులకు వాడే లావుపాటి రాగి తీగను పైపు మీద చుట్టి వంచి వలయం చేశారు. నేను కారులో కూర్చొని పెడలు తొక్కిపట్టాను, ఆయన వలయం లోపలికి నెట్టి, "వదులు" అన్నారు. వదిలాను. వలయం పట్టుకుంది. ముందున్న మూత తీసి క్లచ్చు షాఫ్టును బయటికి లాగి, ఇంజనును చేత్తో కొంచెం కొంచెం తిప్పుతూ చుట్టూ ఉన్న బోల్టులు ఒక్కొక్కటే విప్పాం. చివరికి పెడలు తొక్కితే క్లచ్చును నొక్కే స్లేవ్ సిలిండరు, ప్రెషర్ ప్లేటు, క్లచ్ ప్లేటు మూడూ ఒక్క ముద్దగా ఆయన రెండు చేతుల్లోకి పైకి వచ్చాయి. ప్లేటు మీద రివెట్లు మెరుస్తున్నాయి, లైనింగు కాగితం మందం కూడా మిగల్లేదు. దాన్ని నా ముక్కు దగ్గర పెట్టి, "ఇదీ వాసన" అన్నారు.

కొత్తవి ఎక్కించి, క్లచ్చు గొట్టంలో చేరిన గాలి తీయడానికి మళ్ళీ నన్ను పెడలు దగ్గర కూర్చోబెట్టారు. తొక్కు, పట్టు, వదులు, తొక్కు, పట్టు, వదులు. ఆటోనగర్‌లో పదేళ్ళ వయసులో సెలవుల్లో నా పని సరిగ్గా ఇదే. ఎదురింటి అమెరికన్ ఆయన కుక్కను నడిపిస్తూ ఆగి, లుంగీలో ఉన్న నాన్ననూ, తెరిచిన బానెట్టునూ చూసి, మీరు ఈ పని చేసేవారా అని అడిగాడు. నేను తర్జుమా చేశాను. నాన్న తల అడ్డంగా ఊపి, రిటైరయ్యానని చెప్పమన్నారు.

సాయంత్రం బండి రోడ్డెక్కింది, టర్బో అందుకున్నప్పుడు కారు కూడా ఇంజనుతోపాటే కదిలింది. నాన్న ఆ రాత్రి ఒక కోరిక కోరారు. పొద్దుటి నుంచీ ఆయన అడిగినప్పుడల్లా నేను కెమెరాతో తీసిన ఫొటోలన్నీ అచ్చు వేయించి ఇవ్వాలి, ఆటోనగర్‌లో మేస్త్రులు నోటిమాట నమ్మరు. ముప్ఫై ఆరు ఫొటోలు వేయించి ఇచ్చాను. నయాగరా ఫొటోలు పెట్టె అడుగున పెట్టుకొని, వీటిని మాత్రం విమానంలో చేతిసంచిలో పట్టుకువెళ్ళారు. తర్వాతి సంక్రాంతికి నేను విజయవాడ వెళ్ళినప్పుడు షెడ్డు గోడ మీద, అమ్మవారి క్యాలెండరు పక్కన, వాటిలో ఆరింటిని వరసగా అంటించి ఉన్నాయి. మా అబ్బాయి కారు అని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తారట. దగ్గరికి వెళ్ళి చూశాను. ఒక్కదాంట్లోనూ నేను లేను, కారు కూడా సరిగ్గా లేదు, ఆరింటిలోనూ ఉన్నది క్లచ్చే.